గీత ఇవతల

రెండో సగం మొదలయ్యేసరికి పొగమంచు మైదానాన్ని మింగేసింది. అటువైపు గోలు స్తంభాలు కనిపించడం మానేశాయి. ఇటువైపువి ఉన్నాయంటే ఉన్నాయి. ఆట ఆపేస్తారేమోనని కొందరు ఆశపడ్డారు. రిఫరీ ఆపలేదు.

ఆయన్ని ఆటగాళ్ళు చాటుగా గడియారం అంటారు. మీనమేషాలు లెక్కపెట్టేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. లేసు కట్టుకోవడానికి వంగితే పసుపు కార్డు. బంతి విసరడానికి రెండడుగులు వెనక్కి వేస్తే పసుపు కార్డు. యాభైకి దగ్గరపడినా ఇరవై ఏళ్ళ వాళ్ళతో సమానంగా పరుగెత్తి, వాళ్ళనీ పరుగెత్తించేవాడు. ఆట వేగం పూర్తిగా రిఫరీ చేతిలోనే ఉండాలని ఈ ఏడాది పైవాళ్ళు ఉత్తర్వు వేశారంటే, అందులో సగం ఆయన చలవే.

ఆ ఉత్తర్వులో ఒక ముక్క నీలం చొక్కాల జట్టు డాక్టరమ్మకి కంఠతా వచ్చు. రిఫరీ రెండు చేతులూ ఊపి పిలిస్తే తప్ప జట్టు వైద్యులు గీత దాటకూడదు. దాటితే ఆ జట్టుకి మూడు పాయింట్లు కోత.

కంఠతా రావడానికి కారణం ఉంది. పోయిన నెల తన జట్టు వాడొకడు మోకాలు పట్టుకుని చావుకేక పెట్టాడు. ఆవిడ సైగ కోసం చూడకుండా పరుగెత్తింది. సంచీ తెరిచేలోపే వాడు లేచి, బంతి వెనకాల లేడిపిల్లలా ఉరికాడు. స్టేడియమంతా పడీపడీ నవ్వింది. పాయింట్లు పోయాయి. "ఇంకోసారి ఇలా జరిగితే ఏదైనా ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకోండమ్మా" అన్నాడు కోచ్, ఎంతో మర్యాదగా.

ఇవాళ ఒక్క గోలు ఆధిక్యంలో ఉన్నారు. ఇది గెలవాలి, పాయింట్లు దక్కాలి. లేకపోతే జట్టు కింది డివిజన్‌కి జారిపోతుంది.

డెబ్బై ఒకటో నిమిషంలో, మంచులో ఎవరో పడ్డారు.

ఈల వినపడలేదు. ఎవరో తన్నిన బంతి మాత్రం గీత దాటి బయటికి దొర్లింది. నడి మైదానంలో ఆటగాళ్ళు గుమిగూడారు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి నేలమీద ఒక బూటు కనిపించింది. కదలడంలేదు.

"మొదలెట్టాడ్రా నాయనా" అన్నాడు స్ట్రెచర్ మోసే ఇద్దరిలో పెద్దవాడు. "గెలుస్తున్నాంగా, కాసేపు పడుకుంటాడు."

"ఎవరు బావా?" అన్నాడు రెండోవాడు.

"ఎవడైతే నీకెందుకురా? ఎత్తమన్నప్పుడు ఎత్తడమేగా మన పని."

డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని గీత దగ్గరికి వచ్చింది. బయట నిలబడే నాలుగో రిఫరీ రైల్వే గేటులా చెయ్యి అడ్డం పెట్టాడు.

"సైగ రాలేదు మేడమ్."

"మనిషి కదలట్లేదండీ."

"పోయినసారి కూడా కదల్లేదు కదా."

ఆవిడ మునివేళ్ళ మీద లేచి మంచులోకి చూసింది.

స్టాండ్లలో జనం గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కాలం తినేవాళ్ళని ఏడిపించడానికి ఈ మధ్య అదొక సరదా. "ఇరవై! ఇరవై ఒకటి!" అని వేల గొంతులు. మైదానంలో గుంపులోంచి నలుగురైదుగురు రమ్మని చేతులు ఊపారు. ఏదో అరిచారు. ఆ లెక్కల హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. ఆటగాళ్ళ చేతుల్ని ఎవరు నమ్ముతారు? గోరు విరిగినా ఊపుతారు. రోజూ 'నాన్నా, పులి' అంటే ఇలాగే అవుతుంది మరి.

"ఒక్కసారి మైకులో రిఫరీగారిని అడగండి" అంది డాక్టరమ్మ.

"అడుగుతూనే ఉన్నా. చెమ్మకి పొద్దున్నుంచీ గరగర తప్ప ఏమీ లేదు. అయినా ఆటలో ఉంటే ఆయన దేవుడు పిలిచినా పలకడు."

జెండాలు పట్టుకునే ఇద్దరూ చెరో మూలా మంచులో ఉన్నారు. వాళ్ళని అడిగే దారి లేదు.

"అరవై!"

ఆవిడ కాలు కాలిన పిల్లిలా గీత వెంట అటూ ఇటూ తిరిగింది. గుండె ఆగినవాడికి ఒక నిమిషం అంటే ఎంతో ఆవిడకి తెలుసు. మూడు పాయింట్లంటే ఎంతో కూడా తెలుసు. ఆ రెంటినీ ఒకే తక్కెడలో తూస్తున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. గీత మీద కాలు పెట్టింది.

"వద్దమ్మా" అన్నాడు పెద్ద స్ట్రెచర్ మనిషి. ఈసారి గొంతులో వెటకారం లేదు. "జట్టు కిందికి పోతే ముందు తీసేది మాలాంటోళ్ళనే. నేనూ వీడూ పిల్లలు గలవాళ్ళం. ఒక్క నిమిషం ఓపిక పట్టండి. సైగ వస్తుంది."

కాలు వెనక్కి వచ్చింది.

"నూట ఇరవై!"

ఆ బూటు ఇంకా అలాగే ఉంది.

అవతలి జట్టు డాక్టరు కూడా సంచీతో తన వైపు గీత మీదే నిలబడి ఉన్నాడు. పెద్దాయన. ఉండబట్టలేక నాలుగడుగులు ఇటు నడిచి వచ్చాడు.

"ఏంటమ్మా, మీవాణ్ణి అలా వదిలేశారు?"

"మావాడా? మీవాడు కాదూ?"

"మావాళ్ళు పదకొండు మందీ నిలబడే ఉన్నారు. లెక్కపెట్టుకున్నాకే ఇటొచ్చా."

గాలి విసిరింది. మంచు కాస్త పలచబడింది. డాక్టరమ్మ వేలు చూపిస్తూ తన జట్టు నీలం చొక్కాలు లెక్కపెట్టింది. గుంపులో ఎనిమిది. అవతల ఇద్దరు. గోలు దగ్గర ఒకడు.

"నూట యాభై!" అని స్టేడియం అరిచింది.

రెండున్నర నిమిషాలుగా అందరూ ఎవరి సైగ కోసం చూస్తున్నారో, నేలమీద పడి ఉన్నది ఆయనే.