మూడు ఫొటోలు, మూడు ప్యాంట్లు

“ఎవరూ బల్లను కదపకండి. అరంగుళం తేడా వస్తే పేరే మారిపోతుంది!” అంది మ్యూజియం మేడమ్, భూతద్దంలోంచి కన్ను తీయకుండా.

బల్ల మీద మూడు నలుపు తెలుపు ఫొటోలు. మూడింటిలోనూ పొడవాటి చొక్కా వేసుకున్న ఒకే అమ్మాయి, ఏడాదికో ఫొటో. ఆ అమ్మాయే ఇప్పుడు గుమ్మం దగ్గర పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తున్న అమ్మమ్మ.

మనవరాలు బల్ల పక్కనే మునివేళ్ళ మీద నిలబడింది. పాతకాలపు ఆడవాళ్ళ పొట్టి ప్యాంట్ల ప్రదర్శనలో ఒక గోడ ఖాళీగా ఉందట. ఒకే మనిషివి మూడు రకాలు తేలితే ఆ గోడ అమ్మమ్మది. లేదంటే ఫొటోలు మళ్ళీ ట్రంకుపెట్టెలోకే. నలుగురిలో నోరు విప్పని ఆ పిల్ల, ఇందుకోసం మ్యూజియానికి అయిదు ఉత్తరాలు రాసింది.

మేడమ్ మొదటి ఫొటో మీద స్కేలు పెట్టింది. “చీలమండకు రెండంగుళాల పైన. కాప్రి!”

రెండోదానికి ఎగిరి గంతేసినంత పని చేసింది. “పిక్క మధ్యలో ఆగింది. క్లామ్ డిగ్గర్! సముద్రపు బురదలో ఆల్చిప్పలు ఏరేవాళ్ళది.”

“మాకు సముద్రం ఎక్కడిదమ్మా?” అంది అమ్మమ్మ.

“అదేనండీ గొప్ప! సముద్రం లేకుండానే వేశారు. ఇక మూడోది మోకాలి కిందే ఆగింది. పెడల్ పుషర్. సైకిల్ గొలుసులో గుడ్డ పడకుండా.”

“నాకు సైకిల్ తొక్కడం రాదు.”

“రాకపోయినా సిద్ధంగా ఉన్నారు!”

“అది కాదు తల్లీ, అసలు సంగతేమిటంటే...”

“అమ్మమ్మా, నువ్వు కాసేపు ఊరుకో!” మనవరాలు అరిచింది. అంత గొంతు తనకుందని ఆ పిల్లకే తెలియదు.

అమ్మమ్మ బఠాణీలలో తల దూర్చింది.

మేడమ్ పైకి చదువుకుంటూ నోటుబుక్కులో రాసుకుంది. “ఏటేటా కొత్త పోకడ. ఏటేటా పెరిగిన తెగువ. మూడూ ఒకే దర్జీ చేతివి. బాగా కలిగిన కుటుంబం.”

అమ్మమ్మకు పొలమారింది.

“ఆ ఖాళీ గోడ మీకేనండీ!” అంది మేడమ్. మనవరాలు గాల్లో తేలింది. “ఒక్కటే షరతు. ఫొటోల పక్కన అసలు ప్యాంట్లు వేలాడదీయాలి. దాచారా?”

“దాచకపోవడమేం?” అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. ఈలోగా మేడమ్ సంచీలోంచి మూడు హ్యాంగర్లు తీసి వరసగా కొక్కేలకు తగిలించింది.

అమ్మమ్మ వచ్చి, వెలిసిపోయిన ప్యాంటొకటి మొదటి హ్యాంగరుకు వేసి, ముడతలు సవరించి, మళ్ళీ పీట మీద కూర్చుంది.

“మిగతా రెండూ?” మేడమ్ చేయి చాపింది.

“ప్యాంటు అదొక్కటే తల్లీ, పెరిగింది నేను.”