నలభై మూడో పేజీ

"పేజీ యాడ?" అన్నాడు బాలసుబ్బయ్య.

పవన్ కుమార్ పిడికిలి విప్పలేదు. తండ్రి చేతికర్ర మోచేతి మీద పడింది. దెబ్బ తగలకముందే భుజం దానంతటదే ముడుచుకుంది. మనిషికి నలభై దాటాయి. భుజానికి ఇంకా ఎనిమిదేళ్లే.

ప్రొద్దుటూరులో షాహుల్ ప్రింటింగ్ ప్రెస్ అది. కంప్యూటర్ పక్కన చేతిరాత కాగితాల కట్ట ఉంది. కవితల్లో నడిచే నవల. పులివెందుల దగ్గర వేరుశనగ చేలో పెరిగిన ఒక పిల్లవాడు తన కథ చెప్పుకుంటాడు. నలభై రెండు పేజీలు షాహుల్ టైపు చేశాడు. నలభై మూడోది పవన్ పిడికిట్లో ఉంది. అందులో ఇలా ఉంది:

*గుంటక మీద బరువుకు*
*రాయి బదులు నన్ను కూర్చోబెట్టినావు నాయనా.*
*నిద్రొచ్చి జారి పడితిని.*
*ఎద్దులు ఆగినాయి. చర్నాకోల ఆగలేదు.*
*ఆ పొద్దు నుంచి నా ఎడమ చెవిలో*
*ఊరు లేదు.*

"ఫోటో ఏమన్నా తీసి పెట్టినావా?" బాలసుబ్బయ్య షాహుల్‌ను అడిగాడు.

"లేదు మామా. ఉండేది అదొక్కటే."

"ఇయ్‌రా."

"ఇయ్యను. ఆ దెబ్బలు తిన్నోన్ని నేను. దీన్ని ఏం చేయాల్నో నేను చెప్తా."

"నువ్వు చెప్పేదేందిరా?"

రెండో దెబ్బ చెవి మీద పడింది. ఎడమ చెవే. శబ్దం షాహుల్‌కు వినిపించింది, పవన్‌కు వినిపించలేదు.

"మామా, కర్ర దించు. వాడేమన్నా చిన్నపిల్లోడా?" షాహుల్ అడ్డం వచ్చాడు. "పవనూ, నువ్వన్నా ఇచ్చెయ్‌ప్పా. ఆయప్పకు డెబ్బై దాటినాయి."

"చెయ్యికి దాటలేదులే," అన్నాడు పవన్. నవ్వబోతే పెదవి చిట్లింది.

మరుక్షణం కాగితాన్ని ఉండ చేసి నోట్లో కుక్కుకున్నాడు.

బాలసుబ్బయ్య కర్ర వదిలేసి కొడుకు దవడ పట్టుకున్నాడు. కుర్చీ ఒరిగింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. తండ్రి రెండు వేళ్లు కొడుకు నోట్లోకి దూర్చాడు. కొడుకు కొరికాడు. వేళ్లు వెనక్కి రాలేదు. గడ్డం మీదుగా కారుతున్న నెత్తురు ఎవరిదో షాహుల్‌కు తెలియలేదు. చివరికి పవన్‌కే ఊపిరి చాలలేదు. దవడ వదులైంది.

బాలసుబ్బయ్య ఆ కాగితపు ఉండను బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసి, కొడుకు గొంతుతో తాను రాసిన ఈ పేజీ లేకుండా తన పుస్తకం బయటికి రాకూడదని షాహుల్‌కు చెప్పాడు.