సూది కింద ఆంజనేయుడు

2006లో నంద్యాల కాలేజీకి ఒక యంత్రం అరువొచ్చింది. కంటికి కనపడనంత సన్నటి సూదితో వస్తువును నొక్కి, సూది పట్టిన రేకు ఎంత వంగిందో చూసి గట్టిదనం చెబుతుంది. మామిడిపళ్ల బేరంలో మనం బొటనవేలితో చేసే పనే, కాకపోతే లక్షలు పోసి.

వరండాలో పిల్లలు పరిగెత్తితే చాలు, సూది వణికేది. నెలాఖరుకు కొలతలు రాకపోతే యంత్రం వాపసు, అక్కడ ఫిజిక్స్ చెప్పే ఎడ్విన్ మాస్టారి పరిశోధన హరీ. అదురు తగలకుండా యంత్రం కింద వేయడానికి ఆయన ఆళ్లగడ్డ శిల్పి దాసరయ్యకు బరువైన బండ పురమాయించాడు.

బండ దిగింది. గుమ్మం వైపు ముఖాన ఆంజనేయుడు చెక్కి ఉన్నాడు.

"ఏందప్పా ఇది? మేమడిగింది వట్టి బండ గదా," అన్నాడు ప్రిన్సిపాల్.

"బోడి బండ పంపేదానికి చేతులు రాలేదు సారూ," అన్నాడు దాసరయ్య.

చెక్కిన దేవుణ్ణి తిప్పి పంపే ధైర్యం ఎవరికుంది? మర్నాటి నుంచి పిల్లలు మెట్ల దగ్గరే చెప్పులు విడిచి, పిల్లుల్లా నడిచారు. సూది నిలిచింది, కొలతలు వచ్చాయి.

వారానికి ఎడ్విన్ ఆళ్లగడ్డ వెళ్లాడు.

"మీరు నేర్పిచ్చినట్టే చెప్తినా సారూ?" అడిగాడు దాసరయ్య.

"బాగా చెప్పినావ్. ఇప్పుడు ప్రిన్సిపాల్ గంట కట్టిద్దామంటాండాడు. ఈ సామికి గంట పడదని కూడా నువ్వే వచ్చి చెప్పల్లప్పా."