ఎడమ పక్కకి

ఆ కంచం సంగతి మూడు రోజులుగా నలుగుతూనే ఉంది.

గోడవారన కూర్చునే కుష్ మనిషికి కోడలు ఇసాటూ రోజూ ఇంత అన్నం, కర్రపెండలం ఆకు కూర పెడుతోంది. అత్తగారు యా పోసేకి అది గిట్టడం లేదు.

"పెట్టు, పెట్టు. రేపు చాప కూడా వేసి పడుకోబెట్టు."

"కాళ్లు చూశారా అత్తయ్యా? పుళ్లు ఎముక దాకా వెళ్లాయి."

"చేతులు చూశాను. పడిపోయినవాళ్ల జేబులు తడుముతాడు."

వీధిలో అందరూ అదే అనేవారు. ఫ్రీటౌన్‌లో ఆ మురుగుకాలవ పక్కన కుష్ అనే మత్తుమందు పొగ పీల్చినవాళ్లు నిలబడే నిద్రపోయేవారు. నడుము వంగి, చేతులు నేలకి వేలాడుతూ, ఎండలో గంటలకి గంటలు. కొందరు కూలిపోయేవారు. అతనూ పీల్చేవాడే. కాని తెలివి ఉన్నంతసేపూ కూలినవాళ్ల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి మీదికీ వంగి ఏదో చేసి వచ్చేవాడు.

యా పోసే బెంగంతా పంతొమ్మిదేళ్ల మనవడు కెల్ఫాలా మీదే. వాడి చొక్కాల్లో ఆ పొగ వాసన వస్తోంది.

నమాజు అయ్యాక ఆమె ఇద్దరి కోసం వేడుకునేది. ఒకరు కెల్ఫాలా. ఇంకొకరు సంతిగీ.

ఏళ్ల కిందట ఎబోలా వార్డులో పదకొండు రోజులు ఆమె చేత చెంచాతో నీళ్లు తాగించిన మనిషి సంతిగీ. ముఖం ఎన్నడూ చూడలేదు. తల నుంచి పాదాల దాకా తెల్ల తొడుగు, దాని మీద గుండె దగ్గర రాసిన పేరు. ఆ పేరు కూడా పక్క మంచం పిల్ల చదివి చెప్పిందే.

శుక్రవారం మధ్యాహ్నం కెల్ఫాలా కాలవ పక్కన పడిపోయాడు. యా పోసే పరుగున వెళ్లేసరికి ఆ మనిషి వాడి మీదికి వంగి, నోట్లో వేళ్లు పెట్టి ఉన్నాడు.

దొంగ, దొంగ అని ఆమె కేకలు పెట్టింది. జనం కర్రలతో తరిమారు. ఆ పుళ్ల కాళ్లతో ఎంత పరిగెత్తగలడో అంతా పరిగెత్తాడు.

కెల్ఫాలా ఫోను జేబులోనే ఉంది. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఆదివారం రేవు దగ్గర ఆ కుష్ మనిషి శవం కనబడింది. వెల్లకిలా.

సోమవారం క్లినిక్‌లో నర్సు కెల్ఫాలాని పరీక్షించి, వాడు దొరికిన తీరు విని, వీణ్ణి ఎవరో ఎడమ పక్కకి తిప్పి, గొంతుకి అడ్డుపడిన వాంతి తీసేశారని, లేకపోతే అక్కడే ఊపిరాగి పోయేవాడని చెప్పింది. ఇసాటూ ఆ మనిషి సంగతి చెప్పగానే నర్సు చేతిలో పని ఆగిపోయింది.

"అందర్నీ అలాగే తిప్పేవాడమ్మా. అతన్ని తిప్పడానికే ఎవరూ లేకపోయారు."

"మీకు తెలుసా?"

"ఎబోలా వార్డులో నాతోపాటు చేశాడు. అది మూసేశాక నిద్ర పట్టేది కాదు. నిద్ర కోసమని కుష్ మొదలుపెట్టాడు."

యా పోసే పేరు మాత్రం అడిగింది.

సాయంత్రం అందరూ పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నారు. యా పోసే అన్నం ముట్టలేదు.

"పోయినవాడి నలభయ్యో రోజు వంట మనింట్లోనే," అంది మెల్లగా. "నీళ్లు నువ్వు మొయ్యాలి కెల్ఫాలా. నలుగురినీ పిలిచేటప్పుడు కుష్ మనిషి అనకండి. సంతిగీ అని చెప్పండి."