మోగని అలారం

కమలవ్వ వంటింటి గోడకున్న గ్యాస్ అలారాన్ని విప్పుతున్నాడు అంతయ్య. స్క్రూ రెండుసార్లు కింద పడింది.

"మంచిగనే పనిజేస్తుంది గద కొడుకా. మొన్న పొయ్యి బందు జేసుడు మర్సిపోతే గదే మొత్తుకున్నది," అంది కమలవ్వ.

"నకిలీదవ్వా. దాన్ని నమ్మొద్దు," అన్నాడు అంతయ్య.

పెట్టె తెరిచి లోపలి బోర్డు బయటికి తీశాడు. గోళ్ళరంగు తుడిచే మందును దూదికి అద్ది, నల్లటి చిప్పు మీద రుద్దాడు. కంపెనీ పేరు, నంబర్లు దూదికి అంటుకొచ్చాయి. కింద సగం చెరిగిన వేరే అక్షరాలు బయటపడ్డాయి. ఎక్కడో పాత సామానులోంచి ఊడబెరికి, పైపైన గీకి, కొత్త పేరు అచ్చేసిన చిప్పు అది.

అంతయ్య గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగాక బోర్డులు, సెన్సర్లు ముందేసుకుని ఏదో ఒకటి తయారుచేయడం ఆయనకు సరదా. రెండేళ్ళ కిందట గ్యాస్ లీకైతే మోగే అలారం చేశాడు. మొదటిది తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. అది చూసి నస్పూర్ క్వార్టర్లలో మరో పద్నాలుగు ఇళ్ళవాళ్ళు చేయించుకున్నారు.

నాలుగు నెలల కిందట ఒక పొద్దున, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి ఆయన ముందుగదిలో పడుకున్నాడు. పాలపాకెట్ కోసం బయటికి వెళ్ళిన భార్య సారక్క తిరిగొచ్చి పొయ్యి వెలిగించింది. వంటిల్లంతా అప్పటికే గ్యాస్ నిండి ఉంది. జలుబుతో నాలుగు రోజులుగా ఆమెకు ఏ వాసనా తెలియడం లేదు. పేలుడుకు కిటికీ తలుపులు ఎగిరి వీధిలో పడ్డాయి. అంతయ్య బతికాడు. సారక్క బతకలేదు.

అలారం మోగలేదని అంతయ్య అందరితో చెప్పాడు. దినాలు అయిన మర్నాడే, తన దగ్గర మిగిలిన బోర్డొకటి తీసి, ప్రోగ్రాం ఎక్కించే పరికరానికి తగిలించి చూశాడు. మనిషికి ఆధార్ నంబరు ఉన్నట్టే ప్రతి రకం చిప్పుకూ లోపల ఒక గుర్తు ఉంటుంది. పైన రాసి ఉన్నది ఒకటి, లోపలి నుంచి వచ్చిన జవాబు మరొకటి.

అప్పటి నుంచి ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. అసలైన బోర్డులు తెప్పించి, నకిలీవి మార్చి ఇస్తున్నాడు. అంత దుఃఖంలోనూ పక్కవాళ్ళ ప్రాణాల గురించి ఆలోచిస్తున్నాడని క్వార్టర్లలో అందరూ ఆయనకు మొక్కారు. కొత్త అలారాన్ని పరీక్షించే పని మాత్రం ఆయన ఎక్కడా చేయలేదు. లైటర్‌లోని గ్యాస్‌ను సెన్సర్ దగ్గర వదలమని ఇంటివాళ్ళకు చెప్పి, తాను రోడ్డు మీదికి వెళ్ళి నిలబడేవాడు.

అయినా అలారం కూత వెంటపడేది. ఇంటికొచ్చి నడుం వాల్చితే, కాలి నల్లబడిన వంటింటి గోడలోంచి వినిపించేది. లేచి వెళ్ళి గోడకు చెవి ఆనించేవాడు. అక్కడ ఏమీ ఉండేది కాదు. ఒకసారి రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. కూత ఇంకా పెద్దదైంది.

కమలవ్వది చివరి ఇల్లు. ఇక మిగిలింది చొక్కారావు.

మంచిర్యాలలో ఎలక్ట్రానిక్స్ సామాను దుకాణం ఆయనది. బోర్డులన్నీ అక్కడ కొన్నవే. విప్పుకొచ్చిన పద్నాలుగు బోర్డులనూ అంతయ్య సంచిలోంచి తీసి ఆయన ముందు పేర్చాడు. చొక్కారావు మొదట బుకాయించాడు. పైనుంచి వచ్చిన సరుకే తాను అమ్మానన్నాడు. అంతయ్య ఒకదాన్ని దూదితో రుద్ది చూపించాడు.

"నకిలీవని ఎరికేనా సేటూ?"

చొక్కారావు ఆ బోర్డును చేతిలోకి తీసుకున్నాడు. "ఎరికే," అన్నాడు. "పిలగాండ్లు ఆటసామాన్లల్ల ఏస్కుంటరనుకున్న. నువ్వు గిట్ల ఇండ్లల్ల పెడుతవని అనుకోలే అంతన్నా."

"మా సారక్క పోయింది."

ఆ ఒక్క మాట అని అంతయ్య దుకాణం మెట్లు దిగాడు.

ఆ మాట చొక్కారావును పట్టుకుంది. దుకాణం తెరవడం మానేశాడు. ఉన్న నకిలీ సరుకంతా సుత్తితో పగలగొట్టాడు. అన్నం ముందు కూర్చుంటే గ్యాస్ వాసన వస్తోందని లేచిపోతున్నాడట. ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వడం లేదట. సారక్కను ఆయన ఎన్నడూ చూడలేదు. ఆమె ఎట్లా ఉండేదో చెప్పమని నస్పూర్ నుంచి వచ్చినవాళ్ళను బజార్లో ఆపి మరీ అడుగుతున్నాడని కమలవ్వ వచ్చి చెప్పింది.

పదిహేను రోజులకు ఆయనే వచ్చి అంతయ్య క్వార్టర్ ముందు నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మసిబారిన గోడ వైపు చూడలేక తల దించుకున్నాడు.

"ఠాణాకు పోతున్న అన్నా. తప్పు ఒప్పుకుంట. ఏం శిక్షేసినా సరే. గట్లన్న నాకు జర నిద్ర పడుతదేమో. నువ్వొచ్చి అలారం మోగలేదన్న గా ఒక్క మాట చెప్పు, చాలు."

అంతయ్య లోపలికి వెళ్ళి అంగీ మార్చుకొచ్చాడు.

ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళారు. దారి పొడుగునా చొక్కారావు ఆయన చెయ్యి వదల్లేదు.

ఠాణాలో చొక్కారావు చెప్పిందంతా ఎస్సై రాసుకున్నాడు. తర్వాత అంతయ్య వైపు తిరిగి, ఆ రోజు అలారం మోగిందా లేదా, బాగా గుర్తు చేసుకుని చెప్పమన్నాడు.

చొక్కారావు కళ్ళు మూసుకున్నాడు.

"మోగలే సార్," అన్నాడు అంతయ్య.

కాగితం ముందుకు జరిపారు. ఆయన సంతకం చేశాడు.

ఆ పొద్దున అలారం ఆగకుండా మోగింది. నిద్రమత్తులో లేచి వెళ్ళి దాని వైరు పీకేసి, మళ్ళీ దుప్పటి కప్పుకున్నది అంతయ్యే.