కొట్టేసిన లెక్కలు

"సంతకం పెట్టండమ్మా. మీ జాతి పిల్లలకు చదువు మీద ధ్యాస ఉండదు. కుట్టుపని నేర్చుకుంటే ఎలాగో బతికేస్తుంది," అంటూ లెక్కల టీచర్ కాగితం నా ముందుకు జరిపింది. సంతకం పడితే మా తమ్ముడి కూతురికి సైన్సు సెక్షన్ ఇక లేనట్టే.

"అక్క ఎలా అంటే అలా," అని తమ్ముడు తల దించుకున్నాడు. పిల్ల అతని పక్కనే నిలబడి ఉంది.

మనసులో దేవుణ్ణి తలుచుకుని, "దాని పరీక్ష పేపరు చూపిస్తారా?" అన్నాను.

వందకు పద్దెనిమిది. పేజీల నిండా కొట్టివేతలే.

"ఇంట్లో ఇది ఒక్క లెక్క కూడా కొట్టేయదమ్మా. ఆ గీతల కింద ఏముందో చూడండి," అన్నాను.

ఆమె విసుగ్గానే చూసింది. రెండో పేజీకి వచ్చేసరికి ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. "అన్నీ కరెక్టే!"

"బుద్ధుందా నీకు?" తమ్ముడు కూతురి మీదికి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

పిల్ల నా వెనక్కి వచ్చి నిలబడింది. "ఆ సెక్షన్‌లోకి మనవాళ్ళని ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారు అత్తా. వెళ్తే ఆరుగురం వెళ్దాం, లేకపోతే ఎవరం వద్దు అనుకున్నాం."

టీచర్ లేచి, బీరువాలోంచి తక్కిన ఐదు పేపర్లూ బయటికి తీసింది.