నీళ్లు పడని ఇనుము

షంషుద్దీన్ ఎర్రగా కాలిన, కల్లు గీసే గీత కత్తిని పట్టుకారుతో నీళ్ల తొట్టిలో ముంచాడు.

బుస్సుమని ఆవిరి లేచింది. ఆ బుసలోనే టిక్కుమని ఒక చిన్న చప్పుడు.

"పగిలింది," అన్నాడు కొలిమి వాకిట్లో నిలబడ్డ ముసలాయన.

షంషుద్దీన్ తలెత్తాడు. తెలిసిన ముఖం కాదు. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

"ఎవలు నువ్వు?"

"మాది చెల్పూరు. పేరు ఓదెలు. రైళ్లు బంద్ గదా, కాజీపేట కాడికెళ్లి నడ్సుకుంట వచ్చిన."

అది 2011 మార్చి, స్టేషన్ ఘన్‌పూర్. తెలంగాణ కోసం ఊరి జనం రైలు పట్టాల మీదే వండుకుని తింటున్నారు.

షంషుద్దీన్ కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. సన్నని బీట కూడా కనబడలేదు.

"ఏడ పగిలింది? మంచిగనే ఉంది."

"కంటికి ఆనదు భాయ్. గిది లారీ కమాను పట్టా. దీనికి నీళ్లు పడయి, నూనెల ముంచాలె. ఆకురాయి ముక్కతోని చేసిన కత్తికైతే నీళ్లు సరే. బేరింగు ఇనుముకు మళ్ల నూనెనే."

"ఏం నూనె?" వెటకారంగా అడిగాడు షంషుద్దీన్.

"పల్లినూనె చాలు. జర గోరువెచ్చగ చేయాలె. చల్లటి నూనె చిక్కగుంటది, వేడిని జల్ది గుంజదు."

ఇరవై ఏళ్లుగా కత్తులు చేస్తున్న షంషుద్దీన్‌కు ఒళ్లు మండింది. పైగా అనుమానం. ఉద్యమం పిల్లలకు ఆయుధాలు ఎవరు చేసిస్తున్నారని వారం రోజులుగా మఫ్టీ పోలీసులు ఆరా తీస్తున్నారు.

"నీకు కొలిమి ఉన్నదా?"

"లేదు."

"మరి గివన్ని నీకెందుకు?"

ముసలాయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"గా కత్తి ఎవలికీ ఇయ్యకు. దండం పెడత," అని నిజంగానే చేతులు జోడించాడు.

"గీత కత్తులు చేస్తున్న, తల్వార్లు కాదని మీ సారుకు చెప్పు. నడువ్."

అటుగా పోతున్న ఉద్యమం పిల్లలు ఆ మాట విన్నారు. ఒకడు ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు నెట్టాడు.

ఓదెలు పడి, లేచి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

షంషుద్దీన్ చూస్తూ ఊరుకున్నాడు.

సాయంత్రం గౌండ్ల సారయ్య వచ్చి కత్తి తీసుకుపోయాడు.

తొమ్మిదో రోజున తాటిచెట్టు మీద కల్లు గీస్తుండగా ఆ కత్తి రెండుగా విరిగింది. ఒక ముక్క సారయ్య కంట్లోకి ఎగిరింది. రెండు చేతులూ వదిలేసిన మనిషిని నడుముకున్న మోకు ఆపలేకపోయింది.

రాస్తారోకోలో కూర్చున్నవాళ్లు లేచి బండికి దారి ఇచ్చారు. అయినా వరంగల్ దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది.

షంషుద్దీన్ చెట్టు కింద ముక్కను వెతికి చూశాడు. విరిగిన చోట సగం తెల్లగా మెరుస్తోంది, సగం నల్లగా ఉంది. ఆ నల్లటి సగం పాత పగులు, తన నీళ్ల తొట్టిలోనే పడింది.

సారయ్య దినాలు అయ్యాక అతను చెల్పూరు వెళ్లాడు. ఓదెలు ఇంట్లో భార్య కట్టమ్మ ఒక్కతే ఉంది.

"ఆయన లేడు బిడ్డా. నర్సింహులపేట దిక్కు కొలుములున్నయని పోయిండు. కాలు వాసింది, వద్దంటే ఇనలే."

"ఇనుము సంగతి ఆయనకెట్ల తెలుసవ్వా?"

"ఏం తెల్వకుండె. చెట్లెక్కేటోడు. పోయినేడు మా కొడుకు కృష్ణ చెట్టు మీదికెళ్లి పడి సచ్చిండు. కత్తి ఎందుకిరిగిందని ఈయన ముక్కలు పట్కొని కంపెనీలల్ల అడుక్కుంట తిరిగిండు. గట్ల నేర్సుకున్నడు."

ఆమె అతని ముందు నీళ్ల చెంబు పెట్టింది.

"కత్తి చేసినోన్ని కొట్టొస్తమని మా కులపోళ్లు లేసిండ్రు. వద్దన్నడు. ఆడు తెల్వక చేసిండు, నేను పోయి చెప్పొస్త అన్నడు."

లోపలికి వెళ్లి ఒక గుడ్డ మూట తెచ్చి అతని ముందు విప్పింది.

రెండు ముక్కలైన కృష్ణ కత్తి పిడి పక్కన, షంషుద్దీన్ తాను చేసిన ప్రతి కత్తి మీదా కొట్టే నెలవంక ముద్ర ఉంది.